ఓరియూరు ఎర్రమన్ను – అరుళానందర్ కథ

పోయినసారి రాణి మంగమ్మ గురించి రాశాను కదా. దాన్ని చదివిన మన పెద్దాయన ఒకరు ఫోన్ చేసి, "ఆమె కాలంలోనే ఒక పరంగి సామి తల నరికారట. అది మన నాయకర్లు చేసిన పనేనా?" అని అడిగారు. కాదు. కానీ కాదని ఊరుకుంటే సరిపోదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ సామి పేరు జాన్ డి బ్రిట్టో. మా పక్క అరుళానందర్ అంటారు. జెస్యూట్లంటారే, ఆ యేసు సభ సన్యాసి. 1647లో లిస్బన్‌లో పెద్దింట్లో పుట్టారు. చిన్నప్పుడు పోర్చుగల్ రాజుగారి కోటలో, చిన్న రాజకుమారుడు పెద్రోతో కలిసి పెరిగారు. ఒకసారి జబ్బుచేసి బతకడం కష్టమైతే, వాళ్లమ్మ ఫ్రాన్సిస్ జేవియర్‌కు మొక్కుకుంది. పిల్లవాడు లేచాక ఏడాదిపాటు అతనికి జెస్యూట్ల అంగీ తొడిగింది. మనం తిరుపతికి మొక్కుకోమా, అలాగే. 1662లో, పదిహేనేళ్లకే సభలో చేరారు. 1673లో ఓడెక్కి గోవాకు, అక్కడినుంచి మదురై మిషన్‌కు వచ్చారు.

ఆ మిషన్‌కు, మన భాషకు సంబంధం ఉంది. 1606లో మదురై వచ్చిన రాబర్ట్ డి నోబిలి తమిళం, సంస్కృతంతోపాటు తెలుగూ నేర్చుకున్నారు. నాయకర్ల కొలువు భాష తెలుగు కదా మరి. ఆయన బ్రాహ్మణ సన్యాసిలా బతికారు. దాంతో తక్కువ కులాలవాళ్ల దగ్గరికి బాహాటంగా పోలేని చిక్కు వచ్చింది. అందుకని 1640 ప్రాంతంలో కొందరు సాములు పండారం వేషం కట్టారు. పండారం అందరితోనూ మాట్లాడవచ్చు. అరుళానందర్ ఎంచుకున్నదీ ఆ దారే. కావి గుడ్డ, మాంసం లేని తిండి, కాలినడక. రాజకుమారుడితో పెరిగిన మనిషి!

1686లో మరవ సీమలో ఆయన్ను పట్టుకుని చిత్రహింసలు పెట్టారు. అప్పుడు విడిపించింది ఎవరనుకున్నారు? రామనాథపురం రఘునాథ కిళవన్ సేతుపతే. తన సీమలో మతం చెప్పకూడదని మాత్రం కట్టడి చేశాడు. ఆ తర్వాత మిషన్ పనిమీద సామి ఐరోపా వెళ్లారు. అప్పటికి పాత నేస్తం పెద్రో రాజయ్యాడు. ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. ఈయన ఉండలేదు, 1690లో తిరిగొచ్చి మళ్లీ మరవ సీమకే పోయారు.

అసలు గొడవ ఒక ఇంట్లో మొదలైంది. తడియ తేవర్ అనే దొరకు జబ్బు నయమై, 1693 జనవరిలో జ్ఞానస్నానం తీసుకున్నాడు. చాలామంది భార్యలున్న మనిషి. ఒక్కరిని ఉంచుకుని మిగిలినవాళ్లను వదలాలన్నది నియమం. వదిలేసినవాళ్లలో కడలై అనే ఆమె సేతుపతికి తమ్ముడి వరసవాడి కూతురో, చెల్లెలి కూతురో, మొత్తానికి సొంత రక్తం. ఆమె వెళ్లి మొరపెట్టుకుంది. పునీతుల చరిత్రల్లో ఆమెను పగబట్టిన ఆడదిగా చూపిస్తారు. నేను ఒప్పుకోను. రాత్రికి రాత్రి పెళ్లాం కాకుండా పోయిన ఆమె ఎక్కడికి పోవాలి? పైగా ఆ కాలం పెళ్లిళ్లు పాళెగాళ్ల మధ్య పొత్తులు. తడియ తేవర్ వంశానికి రామనాథపురం గద్దెమీద హక్కుందన్న మాటా ఉంది. సేతుపతికి అది ఇంటి అవమానమూ, రాజకీయమూ అయింది.

ఊళ్లోనే చంపితే అలజడి అని సామిని ఓరియూరుకు పంపారు. ఫిబ్రవరి 3న అక్కడి చెరలోనుంచి తన పెద్దలకు ఉత్తరం రాశారు. 4న తల నరికారు. అప్పుడు మదురైలో మనవడి పేరుమీద ఏలుతున్నది మంగమ్మే. కానీ సేతుపతి అప్పటికే మదురై మాట వినే స్థితిలో లేడు. పెద్దాయన ప్రశ్నకు జవాబు అదే.

రోమ్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది 1947 జూన్ 22న. మనకు స్వతంత్రం రావడానికి రెండు నెలల ముందు.

ఓరియూరు తిరువాడానై దగ్గర ఉంది. అక్కడి ఇసుక ఎర్రగా ఉంటుంది. సామి రక్తం పడి అలా అయిందని జనం నమ్మకం, చిటికెడు మూటకట్టి తీసుకుపోతారు. అలా పోయేవాళ్లలో హిందువులూ ఉన్నారు. ఆయన్ను చంపిన మరవ కులంవాళ్లే ఈనాడు ఆయనకు మొక్కులు చెల్లిస్తారు.