మూసీ నుంచి కృష్ణ దాకా: హైదరాబాదు పర్యావరణ చరిత్రలో పల్నాడు

పల్నాడు అనగానే సాహిత్య విద్యార్థికి శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు గుర్తుకు వస్తాయి. అవి ఆ సీమను నీటి కరవుకు నెలవుగా చూపుతాయి. నేడు ఆ సీమలోని శావల్యాపురం, వినుకొండ ప్రాంతాల సాగుకు నాగార్జునసాగర్ కుడి కాలువ ఆధారం. హైదరాబాదు తాగునీటికీ అదే జలాశయం ఆధారం. ఈ సంబంధాన్ని విడిచిపెట్టి రాసిన నగర పర్యావరణ చరిత్ర అసంపూర్ణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

హైదరాబాదు దక్కను పీఠభూమిపై, గ్రానైటు గుట్టల నడుమ వెలసింది. రాతి నేలలో నీరు లోతుకు ఇంకడం కష్టం. అందువల్ల వాలులకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు నిర్మించడం ఇక్కడి జీవనాధారమైంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా నగరానికి పునాది వేయడానికి ముందే, ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్‌సాగర్ ఏర్పడింది. నగరం కంటె చెరువు పెద్దదన్నమాట.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొన్నది. ఆ మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచించిన మార్గంలో మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఉపనది ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపే జలాశయాలే తాగునీటినీ అందించాయి. ఆపదను ఆధారంగా మలచిన ఘట్టమిది.

నగరం విస్తరించిన కొద్దీ ఆ ఆధారం చాలలేదు. మొదట మంజీరా, 2004 నుంచి కృష్ణా జలాలు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి నగరం చేరుతున్నాయి. మరోవైపు చెరువుల శిఖం భూములు, నాలాలు ఆక్రమణలకు గురయ్యాయి. జంట జలాశయాల పరీవాహక ప్రాంత రక్షణకు 1996లో 111వ జీవో వచ్చింది. 2022లో ప్రభుత్వం దాని ఆంక్షలను సడలించింది. అంతకు ముందే, 2020 అక్టోబరు వరదలలో నీరు తన పాత దారులను వెదుక్కొంటూ కాలనీలను ముంచింది.

కథ అక్కడితో ముగియదు. నగర మురుగును, పారిశ్రామిక వ్యర్థాలను మోసుకొని మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆవలి గట్టు పల్నాడు. సాగర్ ఆనకట్టకు ఎగువన తీసుకొన్న మంచినీటిలో కొంత, ఆనకట్టకు దిగువన మురుగుగా తిరిగి నదిని చేరుతున్నది. అక్కడి నుంచి ఆ ప్రవాహం పులిచింతల జలాశయానికి సాగుతుంది.

కనుక హైదరాబాదు పర్యావరణ చరిత్రకు నగరపాలక సంస్థ హద్దు చాలదు; అనంతగిరి కొండల నుంచి వాడపల్లి సంగమం దాకా ఉన్న పరీవాహక ప్రాంతమంతా దాని పరిధి. ఈ పరిధిని అంగీకరిస్తే మన ఆధారాలు కూడా విస్తరిస్తాయి. నిజాం కాలపు దస్తావేజులతో పాటు చెరువుల పేర్లు, కైఫీయతులు, చాటువులు, కాలువ చివరి భూముల రైతుల జ్ఞాపకాలు పరిశీలనకు రావాలి. నగరంలో ఒక చెరువు పూడిపోతే ఆ నష్టం నగరానిదే అనుకొంటాము. దాని పర్యవసానం నదికి దిగువనున్న పల్లెలకూ చేరుతుందని మూసీ జాడ చెబుతున్నది.