జీపు ఎవరిది?

మన ఊళ్ళలో జీపంటే ఒక కంపెనీ పేరు కాదు, ఒక జాతి. పోలీసు జీపు, ఎమ్మార్వో జీపు, మైకు కట్టిన ఎలక్షన్ జీపు, పాడేరు ఘాటీలో ఇరవై మందిని ఎక్కించుకుని నడిచే కమాండర్ జీపు. ఏ కంపెనీ తయారుచేసినా మనకి జీపే. అయితే ఈ జీపు మొదట పుట్టింది ఒక టెండర్లో అనీ, ఆ టెండరు కథ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఎక్కడో విన్నట్టే ఉంటుందనీ చదివేదాకా నాకూ తెలీదు. ఆర్.ఎఫ్.పి., పెనాల్టీ క్లాజు, మధ్యలో మారిపోయే రిక్వైర్‌మెంట్లు, ఒకడి డిజైన్ డాక్యుమెంటు పట్టుకెళ్ళి ఇంకొకడి చేతిలో పెట్టే క్లయింటు - అన్నీ ఉన్నాయందులో.

1940 జులై. హిట్లర్ సైన్యం అప్పటికే ఫ్రాన్సుని మింగేసింది. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు గానీ దిగక తప్పదని సైన్యానికి అర్థమైపోయింది. వాళ్ళ దగ్గర కబుర్లు మోసుకెళ్ళడానికి, దారి చూసి రావడానికి ఉన్నవి గుర్రాలు, సైడ్‌కార్ మోటారు సైకిళ్ళు. వీటి బదులు నాలుగు చక్రాలూ తిరిగే చిన్న బండి కావాలని 135 కంపెనీలకి ఉత్తరాలు రాసారు. స్పెసిఫికేషన్ ఏంటంటే, బండి బరువు 1,300 పౌండ్లు (అంటే 590 కిలోలు) దాటకూడదు, 600 పౌండ్ల బరువు మోయాలి, ఇంజను టార్కు కనీసం 85 పౌండ్-అడుగులు ఉండాలి. 49 రోజుల్లో మొదటి నమూనా, 75 రోజుల్లో మొత్తం 70 బండ్లు ఇచ్చెయ్యాలి.

590 కిలోల్లో ఫోర్ వీల్ డ్రైవ్! ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, మధ్యలో ట్రాన్స్‌ఫర్ కేసు, ఇవన్నీ తట్టుకునే ఛాసిస్. ఇది రాసినవాళ్ళు ఎప్పుడూ బండి తయారుచేసి ఉండరు. మన దగ్గర కూడా ఎస్టిమేషన్లు ఇలాగే పుడతాయి కదా. 135 మందిలో జవాబిచ్చింది ఇద్దరే, బాంటమ్ అనీ, విల్లీస్-ఓవర్‌లాండ్ అనీ.

బాంటమ్ అనేది పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో చిన్న కంపెనీ. బుల్లి కార్లు తయారుచేసేది, అవి అమ్ముడుపోక దాదాపు మూతపడే స్థితి. డిజైనర్లు కూడా మిగల్లేదు. అందుకని డెట్రాయిట్ నుంచి కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఫ్రీలాన్స్ ఇంజనీరుని పిలిపించుకున్నారు. ఆయన రెండు రోజుల్లో బండి మొత్తానికి డ్రాయింగులు గీసి పడేసాడు. లెక్క కడితే బరువు 1,850 పౌండ్ల దగ్గర తేలింది. అది రాస్తే బిడ్డు చెత్తబుట్టలోకే. దాంతో బిడ్డులో 1,273 పౌండ్లని టైపు చేసి పంపించారు! సేల్స్ వాళ్ళు ఒప్పుకుని వచ్చేస్తే ఇంజనీర్లు తల పట్టుకోవడమనేది మన తరంలో మొదలైంది కాదన్నమాట.

విల్లీస్ తక్కువ ధర కోట్ చేసింది గానీ గడువు ఎక్కువ అడిగింది. ఆలస్యమైన ప్రతి రోజుకీ ఇంత అని పెనాల్టీ కలిపి చూస్తే విల్లీస్ రేటు బాంటమ్‌ని దాటిపోయింది. టెండరు బాంటమ్‌కి దక్కింది.

తర్వాతి 49 రోజులూ ఎలా గడిచుంటాయో ఊహించుకోవచ్చు. యాక్సిళ్ళు స్పైసర్ అనే కంపెనీ వాళ్ళు స్టూడిబేకర్ కారువి తీసుకుని మార్చి ఇచ్చారు. ఇంజను కాంటినెంటల్ వాళ్ళది, గేర్‌బాక్సు ఇంకొకళ్ళది. దొరికిన లైబ్రరీలన్నీ తెచ్చి అతికించినట్టే. సెప్టెంబర్ 23న ప్రోబ్స్ట్, ఇంకొకాయనా కలిసి ఆ బండిని స్వయంగా నడుపుకుంటూ మేరీలాండులో ఉన్న హోలాబర్డ్ సైనిక కేంద్రానికి బయల్దేరారు. గడువు సాయంత్రం ఐదింటికి. నాలుగున్నరకి గేటు దగ్గరున్నారు.

హోలాబర్డ్‌లో ఆ బండిని చావగొట్టారు. బురదగుంటలు, ఇసక, దుంగల దారులు, గుట్టలు. దాన్ని విరగ్గొట్టడమే వాళ్ళ ఉద్దేశ్యం. కొన్ని చోట్ల విరిగింది కూడా, సరిచేసుకున్నారు. కానీ బండి నచ్చేసింది. బరువు సంగతి బయటపడ్డప్పుడు ఒక దిట్టమైన అధికారి వచ్చి వెనక భాగాన్ని ఒక్కడే పైకెత్తి చూసి, గుంటలో పడితే మనుషులు ఎత్తి బయటికి లాగొచ్చు, ఈ బరువు పర్లేదు అని తేల్చాడట. 1,300 పౌండ్ల నిబంధన అలా గాల్లో కలిసిపోయింది.

ఇక్కడిదాకా బాంటమ్ హీరో. ఇక్కడినుంచే నాకు కడుపు మండే భాగం.

యుద్ధమొస్తే వేలల్లో కాదు, లక్షల్లో బండ్లు కావాలి. బట్లర్‌లో ఉన్న చిన్న షెడ్డు అన్ని చెయ్యగలదని సైన్యానికి నమ్మకం లేదు. అందుకని విల్లీస్ ఇంజనీర్లనీ, ఫోర్డు ఇంజనీర్లనీ (ఫోర్డు అసలు టెండరే వెయ్యలేదు!) పిలిచి, బాంటమ్ బండిని పరిశీలించుకోనిచ్చారు, డ్రాయింగులూ చూపించారు. బాంటమ్ గోల పెట్టింది, ఎవరూ పట్టించుకోలేదు. నవంబరులో విల్లీస్ వాళ్ళ 'క్వాడ్', ఫోర్డు వాళ్ళ 'పిగ్మీ' వచ్చి హోలాబర్డ్‌లో నిలబడ్డాయి. చూస్తే మూడూ అన్నదమ్ముల్లా ఉన్నాయి, ఎందుకుండవు మరి! మేమూ ఒకసారి నెల రోజులు కూర్చుని చేసిన ప్రోటోటైపుని ఒక క్లయింటు రేటు తక్కువని వేరే వెండర్‌కి ఇచ్చేసాడు. కాబట్టి బాంటమ్ బాధ నాకు కొంచెం ఎక్కువే తగిలింది.

అయినా న్యాయంగా మాట్లాడుకుందాం. ఒక్కో కంపెనీకి 1,500 బండ్లు ఆర్డరిచ్చి, పోటీ పెట్టి చూసారు. బాంటమ్ తేలిక, పెట్రోలు తక్కువ తాగుతుంది. ఫోర్డు పనితనం, స్టీరింగు బాగున్నాయి, కానీ ఇంజను ట్రాక్టరుది, 45 గుర్రాల శక్తి. విల్లీస్ బరువైంది. కానీ దాని ఇంజను 60 గుర్రాలు, 105 పౌండ్-అడుగుల టార్కు. మిగతా రెండూ సైన్యం అడిగిన 85కి అటూఇటూగా ఉంటే, ఇది ఇరవై పైన. గుట్ట ఎక్కేటప్పుడు ఈ తేడాకి తిరుగులేదు.

ఎందుకో కాస్త లెక్క చూడండి. తర్వాత లక్షల్లో తయారైన విల్లీస్ ఎంబీలో మొదటి గేరు 2.665, ట్రాన్స్‌ఫర్ కేసులో లో-రేంజి 1.97, యాక్సిల్ 4.88. మూడూ గుణిస్తే 25.6. అంటే ఇంజను ఇచ్చే టార్కు చక్రాల దగ్గరికి చేరేసరికి పాతిక రెట్లవుతుంది (రాపిడి నష్టాలు పక్కన పెడితే). కాబట్టి ఇంజను దగ్గర 20 పౌండ్-అడుగుల తేడా చక్రాల దగ్గర 500 అవుతుంది. నాలుగు చక్రాలూ తిరగడం అనేది సగం కథే. డిఫరెన్షియల్ లాకులు వీటిలో దేనికీ లేవు. ముందొక చక్రం, వెనకొక చక్రం గాల్లోకి లేస్తే ఏ జీపైనా నిస్సహాయంగా నిలబడిపోతుంది. మరి ఎలా నెట్టుకొచ్చాయంటే, తక్కువ బరువు, 80 అంగుళాల పొట్టి వీల్‌బేసు, ముందూ వెనకా ఏదీ పొడుచుకురాకుండా అంచుల్లో ఉన్న చక్రాలు. ఇవన్నీ ప్రోబ్స్ట్ బండిలోనే ఉన్నాయి. ఇంజను శక్తి ఒక్కటే అందులో లేదు.

ఆ ఇంజను వెనక బార్నీ రూస్ అనే విల్లీస్ ఇంజనీరు ఉన్నాడు. 48 గుర్రాల పాత కారు ఇంజనుని రెండేళ్ళు చెక్కి చెక్కి 60కి తెచ్చాడు. అయితే దానివల్ల బండి బరువు పెరిగింది. కొత్త పరిమితి 2,160 పౌండ్లు, విల్లీస్ దానికి 263 పౌండ్లు ఎక్కువ. చిన్న ఇంజను పెట్టేస్తే తేలిపోయేది, రూస్ ఒప్పుకోలేదు. బండిని నట్లూ బోల్టులతో సహా విప్పి, ప్రతి ముక్కనీ తూచి, బోల్టుల చివర్లు కోసి, పెయింటు కూడా ఒక్క పూతతో సరిపెట్టి, 120 కిలోలు తగ్గించారని చెప్తారు. మెమరీ చాలక బైటు బైటూ పిండుకున్న పాత ప్రోగ్రామర్లు గుర్తొచ్చారు నాకు. విల్లీస్ ఒట్టి కాపీ కొట్టి గెలిచిందని అనలేం.

1941 జులైలో 16,000 బండ్ల కాంట్రాక్టు విల్లీస్‌కి వచ్చింది, ఒక్కోటీ సుమారు 740 డాలర్లకి. ఆ చివరి డిజైన్లోకి మిగతా ఇద్దరి బండ్లలో బాగున్నవి కూడా తెచ్చి కలిపారు. ఆ తర్వాత విల్లీస్ ఒక్కటీ సరిపోదని అదే డిజైన్‌ని ఫోర్డుకీ ఇచ్చారు. యుద్ధం ముగిసేలోపు విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డు సుమారు 2,80,000 తయారుచేసాయి. మరి బాంటమ్? సుమారు 2,700. అందులోనూ ఎక్కువ భాగం బ్రిటన్‌కీ రష్యాకీ వెళ్ళిపోయాయి. తర్వాత బాంటమ్‌కి దక్కిన పని, జీపుల వెనక కట్టే ట్రైలర్లు చెయ్యడం.

యుద్ధం నడుస్తుండగానే జీపుని సృష్టించింది మేమే అని విల్లీస్ ప్రకటనలు గుప్పించింది. 1943లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడింది. 1948లో తీర్పిచ్చింది: జీపు ఆలోచన బాంటమ్‌ది, సైన్యంలో కొందరు అధికారులతో కలిసి చేసింది, విల్లీస్ అలా చెప్పుకోకూడదు అని. బాగానే ఉంది. కానీ 1950లో 'జీప్' అనే ట్రేడ్‌మార్కు మాత్రం విల్లీస్ పేరునే రిజిస్టరైంది!

ఇదే సినిమాని 1951లో జపాన్‌లో మళ్ళీ తీసారు. అక్కడ కొత్తగా పెట్టిన పోలీసు రిజర్వు దళానికి ఇలాంటి బండే కావాలి. టొయోటా 3.4 లీటర్ల లారీ ఇంజను పెట్టి 'బీజే' అని ఒక బండి చేసింది. టార్కు దండిగా ఉంది కదా అని లో-రేంజి కూడా పెట్టలేదు. జులైలో దాన్ని ఫూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కించారు. అంతకుముందు ఏ బండీ అంత ఎత్తుకి వెళ్ళలేదు. నిస్సాన్ వాళ్ళు 'పెట్రోల్' అనే బండితో వచ్చారు (ఇంధనం కాదండీ, గస్తీ అనే అర్థంలో). ఇంత చేస్తే ఆర్డరు వెళ్ళింది విల్లీస్ లైసెన్సుతో జీపులు చేసే మిత్సుబిషికి. కొండెక్కడం వేరు, కాంట్రాక్టు వేరు. 'జీప్' అనే పేరు వాడే హక్కు లేక 1954లో టొయోటా తన బండికి ల్యాండ్ క్రూజర్ అని పేరు పెట్టుకుంది. తర్వాత సంగతి మీకు తెలిసిందే.

ఈ గెలిచినవాళ్ళ, ఓడినవాళ్ళ సంతానం రెండూ మన దేశానికి వచ్చాయి. విల్లీస్ జీపు 1940ల చివర్లో మహీంద్రా ద్వారా బొంబాయి చేరింది. ఓడిన నిస్సాన్ పెట్రోల్ తర్వాతి తరం 1969లో జబల్‌పూర్ ఆర్డినెన్సు ఫ్యాక్టరీలో 'జోంగా' అయింది, దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజనుతో. ముప్ఫై ఏళ్ళు మన సైన్యాన్ని మోసింది, పెట్రోలు మాత్రం మంచినీళ్ళలా తాగేది. దానికి పూర్తి విరుద్ధం 1985లో వచ్చిన మారుతి జిప్సీ, ఒక లీటరు కూడా లేని ఇంజను, టన్ను లోపు బరువు. మంచులో, ఇసకలో దిగబడని బండిగా సైన్యంలో దానికున్న పేరు మీకు చెప్పక్కర్లేదు. బరువు తక్కువ ఉండాలన్న 1940 నాటి ఆ అసాధ్యపు స్పెసిఫికేషన్ వెనక ఉన్న బుర్ర మరీ తప్పు కాదని నాకు జిప్సీని చూస్తేనే అనిపించింది. (అన్నట్టు, స్వతంత్ర భారతంలో మొదటి కుంభకోణం కూడా 1948లో లండన్ నుంచి కొన్న పాత జీపులదే. అదింకో పెద్ద కథ.)

మహీంద్రా ఆ పాత విల్లీస్ వంశం నుంచే 'రాక్సర్' అని ఒక బండి చేసి 2018లో అమెరికాలో అమ్మడం మొదలుపెట్టింది, రోడ్ల మీద కాకుండా పొలాల్లో తిప్పుకోడానికి. జీప్ బ్రాండుని అప్పుడు ఏలుతున్న ఫియట్ క్రైస్లర్ వెంటనే ఫిర్యాదు చేసింది, మా బండి రూపాన్ని కాపీ కొట్టారని. 2020లో తీర్పు వాళ్ళకే అనుకూలంగా వచ్చింది. మహీంద్రా ముఖం మార్చి మళ్ళీ చేస్తే, ఆ ఏడాది చివర్లో సరే, ఇది కాపీ కాదన్నారు. కంపెనీ ప్రాణంగా చూసుకునే ఆ నిలువు గీతల గ్రిల్లు అసలు ఎవరిదో తెలుసా? విల్లీస్ మొదట్లో ఇనుప బద్దీలు వెల్డింగు చేసి పెట్టేది. ఒకే రేకుని అచ్చుగుద్ది గీతలు తీస్తే తేలికా, చవకా అని కనిపెట్టింది ఫోర్డు!

బాంటమ్ మొదటి నమూనా ఇప్పుడు లేదు. ఆ మొదటి 70 బండ్లలో ఏడోది మాత్రం బతికుంది. అది స్మిత్సోనియన్ వాళ్ళ సొత్తు, పిట్స్‌బర్గ్‌లో హైంజ్ హిస్టరీ సెంటర్‌కి అరువిచ్చారు. బట్లర్ ఊరు అక్కడికి గంట దూరం కూడా ఉండదు, 2011 నుంచీ అక్కడ బాంటమ్ పేరు మీద జీపుల తిరునాళ్ళు కూడా మొదలుపెట్టారు. పెన్ హిల్స్ వెంకన్న గుడికి వెళ్ళే మనవాళ్ళు చాలామందే ఉంటారు కదా. పులిహోర ప్రసాదం తిన్నాక ఒక పూట ఖాళీ ఉంటే అటు వెళ్ళి రండి. బండి అక్కడే ఉందో లేదో మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కోండి.