తుపాకి ఎవరి పేర రాసుంటుంది?

హుస్సేనీ ఆలంలో ఖుర్షీద్ జా దేవిడీ ఉంది. అది పాయెగా అమీర్ల ఇల్లు. నిజాం కోసం దండును పోషించాలన్న షరతు మీద పాయెగాలకు జాగీర్లు దక్కాయి. ఊళ్ల శిస్తుతో గుర్రాలు, సిపాయీలు, ఆయుధాలు నడిచాయి. అంటే హైదరాబాదులో ఆయుధం ఎన్నడూ ఒక మనిషి చేతిలో ఉన్న వస్తువు మాత్రమే కాదు. అది భూమికీ, వంశానికీ, సనదుకూ ముడిపడిన ఆస్తి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. దేవిడీ ఆవరణలోకి ప్రభుత్వ మహిళా డిగ్రీ కాలేజీ వచ్చింది. మరి ఆయుధాన్ని కాగితం మీద వంశంలో నిలబెట్టుకునే పద్ధతి కూడా జాగీర్లతో పాటే పోయిందా?

పట్నంలో దేవిడీ ఉంటే ఊళ్లో గడీ ఉండేది. గడీలో తుపాకి, వెట్టి చేసే మాదిగోడి చేతిలో డప్పు. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తుపాకి పట్టినోడు గడీకి నౌకరు. తుపాకి మాత్రం దొరది. కింది కులాలు తిరగబడలేకపోవడానికి చాతుర్వర్ణ్యం వాళ్లకు ఆయుధం నిరాకరించడమూ ఒక కారణమని అంబేడ్కర్ 1936లోనే ‘కుల నిర్మూలన’లో వాదించాడు.

ఆస్తిని వంశంలో నిలబెట్టడానికి ఆధునిక చట్టం ఇచ్చిన సాధనం ట్రస్టు. మనిషి పోయినా దస్తావేజు బతికుంటుంది. ఏడో నిజాం 1951లో తన నగలకు ట్రస్టు పెట్టాడు. 1995లో కేంద్ర ప్రభుత్వం ఆ ట్రస్టు నుంచి 173 నగలను 218 కోట్లకు కొన్నది.

అమెరికాలో తుపాకులకూ ఇలాంటి ట్రస్టులున్నాయి. మెషిన్‌గన్లు, పొట్టి గొట్టపు రైఫిళ్లు, సైలెన్సర్లు రిజిస్టరు చేయాలని అక్కడ 1934లో చట్టం వచ్చింది. 2016 దాకా వ్యక్తి తన పేర రిజిస్టరు చేసుకోవాలంటే స్థానిక పోలీసు అధికారి సంతకం, వేలిముద్రలు కావాల్సి వచ్చేవి. ట్రస్టు పేర చేసుకుంటే ఆ రెండూ అక్కర్లేకపోయేవి. పైగా ట్రస్టీలందరూ ఆ ఆయుధాన్ని వాడుకోవచ్చు. 2016 జూలై 13 నుంచి ట్రస్టులో బాధ్యులైన ప్రతి ఒక్కరూ వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలన్నారు. అధికారి సంతకం బదులు సమాచారం ఇస్తే చాలన్నారు. అదే దేశంలో 1956లో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన మామూలు తుపాకి దగ్గర పెట్టుకోడానికి అనుమతి అడిగితే అలబామా అధికారులు ఇవ్వలేదు. వకీలుతో దస్తావేజు రాయించుకోగలిగినోడికి అధికారి సంతకం తప్పిపోయింది. ప్రాణభయం ఉన్న నల్లవాడికి ఆ అధికారి దయే దిక్కయింది.

మన 1959 ఆయుధ చట్టం లైసెన్సును ప్రధానంగా మనిషి పేరనే ఇస్తుంది. బ్యాంకు లైసెన్సులో కూడా తుపాకి మోసే గార్డు పేరు రాయాల్సిందే. ఒకరి దగ్గర మూడు తుపాకుల దాకా ఉండొచ్చన్న హద్దును 2019 సవరణ రెండుకు తగ్గించింది. అయితే వారసత్వానికి దారి ఉంది. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారు చనిపోయినా, 70 ఏళ్లు నిండినా, తుపాకి 25 ఏళ్లుగా దగ్గరున్నా వారసుడు తన పేర లైసెన్సు అడగొచ్చు. విచారణ ఉంటుంది, నిజమే. కానీ అడగడానికైనా తాత పేర ఒక లైసెన్సు ఉండాలి కదా! ట్రస్టు చేసే పనిలో కొంత ఇక్కడ వంశమే చేసిపెడుతుంది.

తుపాకి ఒక్క మనిషిది కాదన్న నిజాన్ని ఒప్పుకున్న నియమం మనకు ఒకటుంది. నిజాం నగలు అమ్ముడైన 1995లోనే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాలు వచ్చాయి. అత్యాచారం జరిగే ప్రమాదం ఉందని గుర్తించిన చోట దళితేతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయొచ్చని మూడో నియమం చెబుతుంది. వాళ్ల దగ్గరి బంధువులు, నౌకర్లు, కుటుంబ స్నేహితుల లైసెన్సులూ అందులోకి వస్తాయి. ఆ ఆయుధాలను ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. దొర తుపాకి నౌకరు చేతిలో పేలుతుందని కడవెండి చెప్పిన పాఠం అరవై ఏళ్లలోపే, 49 ఏళ్లకు చట్టంలోకి ఎక్కింది. అదే నియమం ఇంకో మాటా అంటుంది. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ఆయుధ లైసెన్సులు ఇవ్వొచ్చు.

“అవసరమనుకుంటే” అనుకోవాల్సింది ఎవరు? అధికారులే.

1985 జూలై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లను చంపింది ప్రధానంగా గొడ్డళ్లతో, బరిసెలతో, కత్తులతో. చుండూరులో పోలీసులుండగానే ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కాబట్టి తుపాకి చేతికొస్తే దళితవాడకు రక్షణ దొరికినట్టేనని నేననడం లేదు. ఎవరి ప్రాణాన్ని రాజ్యం కాపాడదగిందిగా లెక్కిస్తోందో తేల్చే కొలబద్ద లైసెన్సు. ఆస్తికి భయమున్నోడికి దొరికే కాగితం ప్రాణానికి భయమున్నోడికి ఎందుకు దొరకదన్నదే చర్చ.

అత్యాచార నియమాల కింద ప్రతి జిల్లాలో విజిలెన్స్ కమిటీ ఉండాలి. మూడు నెలలకు ఒకసారైనా అది కూర్చోవాలి. కార్యకర్తలు ఆ కమిటీ ముందు మూడో నియమాన్ని పెట్టి రెండు లెక్కలు అడగాలి. ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు? మనవాళ్లకు ఎన్ని ఇచ్చారు? కమిటీ చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన పరిశోధన ఆ కాగితాలతోనే మొదలు కావాలి.