చెడిపోయిన లాగ్ ఫైలు: తొలగింపు నుండి పఠనం దాకా

కంప్యూటరు తన పనితీరును తానే నమోదు చేసుకొనే లాగ్ ఫైలు చెడిపోయినప్పుడు వినియోగదారునికి అందిన సలహాలకూ ఒక చరిత్ర ఉంది. యంత్రం నడిస్తే చాలునన్న దృష్టి క్రమంగా ఫైలును ఆధారంగా చూసే దృష్టిగా మారిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1980వ దశకంలో బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రూపొందించిన సిస్‌లాగ్‌లో ఈ సమస్య తీవ్రం కాలేదు. అందులో ప్రతి నమోదూ ఒక పాఠ్యపంక్తి. ఒకటి చెడినా తక్కినవాటిని సాధారణ ఎడిటరులోనే చదువుకోవచ్చు.

1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీ బైనరీ రూపంలోని ఈవీటీ ఫైళ్ళను ఎంచుకొంది. ఫైలు చెడిపోయిందని ఈవెంట్ వ్యూయర్ తెలిపితే మైక్రోసాఫ్ట్ సూచించిన మార్గం సుదీర్ఘమైనది. ఇతర సేవలు ఆధారపడి ఉన్నందున ఈవెంట్‌లాగ్ సేవను నేరుగా ఆపడం కుదరదు. అది మొదలుకాకుండా అమర్చి, యంత్రాన్ని పునఃప్రారంభించి, ఫైలు పేరు మార్చి లేదా తొలగించి, సేవను తిరిగి పునరుద్ధరించాలి. ఆపై ఖాళీ ఫైలు మొదలవుతుంది. యంత్రం ఎందుకు కూలిందో చెప్పగల సాక్షి అక్కడే కనుమరుగయ్యేది.

అలా తొలగిన ఫైళ్ళన్నీ నిజంగా చెడిపోయినవి కావు. ఈవీటీ ఫైలు తెరిచి ఉన్నంతసేపు దాని శీర్షభాగంలోని స్థానసూచికలు పాతవిగానే ఉంటాయి; సరైన విలువలు చివరి నమోదును అనుసరించి కదిలే చిన్న భాగంలో ఉంటాయి. విద్యుత్తు హఠాత్తుగా పోతే ఈ రెండింటికీ పొంతన కుదరదు. ఆ నాలుగు విలువలను శీర్షంలోకి ఎక్కించి, స్థితిని తెలిపే గుర్తును సరిచేస్తే ఫైలు మళ్ళీ తెరుచుకొంటుందని డిజిటల్ నేరపరిశోధకులు గుర్తించారు. విషయసూచిక తప్పిందని తాళపత్ర గ్రంథాన్నే పారవేసే పరిష్కర్తను మనం క్షమించగలమా?

2007లో సామాన్య వినియోగదారులకు అందిన విస్టా ఈవీటీఎక్స్ రూపాన్ని ప్రవేశపెట్టింది. ఇందులో ఫైలు 64 కిలోబైట్ల ఖండాలుగా ఉండి, ఒక్కొక్కదానికి సొంత తనిఖీ సంఖ్య ఉంటుంది. అందువల్ల ఒక ఖండం దెబ్బతిన్నా మిగిలినవాటిని విడివిడిగా చదవవచ్చు.

2011 నవంబరులో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ లినక్స్‌కు బైనరీ జర్నల్‌ను ప్రతిపాదించినప్పుడు సిస్‌లాగ్ పక్షం నుండి వచ్చిన ప్రధానాక్షేపాలలో ఈ భయం ఒకటి. జర్నల్ సేవ చెడిన ఫైలును పేరు మార్చి పక్కన ఉంచి, కొత్తదానిలో రాయడం మొదలుపెడుతుంది. జర్నల్‌సీటీఎల్ పాత ఫైలులో చదవగలిగినంతా చదువుతుంది. ఫైలును తనిఖీ చేసే ఆదేశం ఉంది, బాగుచేసే ఆదేశం లేదు. నిర్వాహకునికి ఇది లోపంగా తోచవచ్చు. కాని, మరమ్మతు జరగని ఫైలులో దెబ్బతిన్న చోటు కూడా యథాతథంగా నిలిచి ఉంటుంది.