ఒక్క గోల్ తక్కువైన తరం

2009 జనవరి 17 రాత్రి బౌషర్‌లో గోల్ పడలేదు. తొంభై నిమిషాలు ఆడారు. మరో ముప్ఫై నిమిషాలు అదనంగా ఆడారు. అటు సౌదీ అరేబియా, ఇటు ఒమన్, స్కోరుబోర్డు మీద సున్నా, సున్నా. చివరికి పెనాల్టీలకు పోయారు. మొదటి అయిదు కిక్కుల్లోనూ తేలలేదు. ఆఖరున డిఫెండర్ మహమ్మద్ రబీ కొట్టిన బంతి వలలో పడి, 6–5తో ఒమన్ గెలిచింది. 1974లో గల్ఫ్ కప్‌లోకి అడుగుపెట్టిన దేశం ముప్ఫై అయిదేళ్లకు ఆ కప్పును మొదటిసారి ఎత్తింది.

ఆ సంబరంలో ఎవరికీ తట్టని సంగతి ఒకటుంది. ఏ సున్నా వాళ్లకు ఆ రాత్రి కిరీటం పెట్టిందో, అదే సున్నా మళ్లీ మళ్లీ వచ్చి దాన్ని ఊడదీసింది. ఓడించి కాదు. ఆ తరం పతనంలో ఘోర పరాజయాలు వెతికినా పెద్దగా దొరకవు. దొరికేవన్నీ పడని గోల్స్.

మస్కట్‌లో పనిచేసి వచ్చిన తెలుగువాళ్లకు బౌషర్ కొత్త పేరేమీ కాదు. అల్ ఖువైర్, ఘుబ్రా, అజైబా, ఘలా అంటూ మనవాళ్లు ఇంటికి ఫోన్ చేసి చెప్పే పేర్లన్నీ ఆ విలాయత్ (జిల్లా) లోవే. సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు అక్కడే ఉంది. 1985లో తెరిచిన సుల్తాన్ ఖాబూస్ క్రీడా ప్రాంగణమూ అక్కడే ఉంది. ముప్ఫై వేలమందికి పైగా పట్టే ఆ మైదానంలోనే ఈ కథలోని వైభవం నడిచింది. దుఃఖంలో కూడా చాలా భాగం దానిదే.

గల్ఫ్ కప్ అంటే ప్రపంచానికి చిన్న టోర్నీ. ఆ ఎడారి దేశాలకు మాత్రం ఇంటి గౌరవం. కువైట్, ఇరాక్, ఖతర్, సౌదీ కప్పులు పంచుకుంటుంటే, మొదటి మూడు దశాబ్దాలు ఒమన్ పేరు పట్టిక చివరనే ఎక్కువగా కనిపించేది. ఆ చీకట్లో మొదట వెలిగినవాడు స్ట్రైకర్ హానీ అల్-దాబిత్. 2001లో అంతర్జాతీయ మ్యాచుల్లో 22 గోల్స్ కొట్టి, ఆ ఏడాది ప్రపంచంలోకెల్లా ఎక్కువ గోల్స్ చేసినవాడిగా ఫుట్‌బాల్ గణాంకాల సమాఖ్య జాబితాకెక్కాడు. మరుసటి జనవరిలో రియాద్‌లో జరిగిన గల్ఫ్ కప్‌లో అయిదు గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. కప్పు మాత్రం సౌదీ ఇంట్లోనే ఉండిపోయింది.

అతని వెనక వచ్చినవాడు ఇమాద్ అల్-హొస్నీ. 2004 డిసెంబరులో దోహాలో నాలుగు గోల్స్ కొట్టి, ఇరవై ఏళ్లకే గల్ఫ్ కప్ అగ్ర స్కోరరయ్యాడు. చెక్ కోచ్ మిలాన్ మచాలా పెంచిన ఆ జట్టు మొట్టమొదటిసారి ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ ఖతర్‌తో 1–1. పెనాల్టీల్లో ఓటమి. 2007 జనవరి 30న అబుదాబిలో మళ్లీ ఫైనల్. ఈసారి యూఏఈ స్ట్రైకర్ ఇస్మాయిల్ మతర్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఓటమి. రెండు కప్పులు చేతిదాకా వచ్చి జారిపోయాయి.

ఇమాద్ బతుకు ఊరూరా తిరిగే స్ట్రైకర్ బతుకు. ఖతర్‌లో అల్-రయ్యాన్, బెల్జియంలో షార్లెరోవా, సౌదీలో అల్-అహ్లీ, ఇలా జెర్సీలు మారుతూ పోయాయి. ఒమన్ లీగ్ పూర్తిగా ప్రొఫెషనల్ కావడానికి 2013 దాకా పట్టింది. అప్పటివరకు ఇంటి క్లబ్‌లో ఆడితే పేరు వచ్చేది, పొట్ట నిండేది కాదు. జగిత్యాల నుంచో కడప నుంచో మనవాడు పని వెతుక్కుంటూ మస్కట్ విమానం ఎక్కినట్టే, మస్కట్ ఆటగాడు దోహాకో జెద్దాకో సూట్‌కేసు సర్దుకునేవాడు. ఫార్వర్డ్‌ల అవసరం ఏ దేశంలోనైనా ఉంటుంది, వాళ్ల మీద ఓపిక మాత్రం ఎక్కడా ఉండదు. నాలుగు మ్యాచుల్లో గోల్ పడకపోతే విదేశీ స్ట్రైకర్ కోటాలో ఆ చోటు ఇంకొకరిది. గోల్‌కీపర్ ఒక తప్పు చేస్తే జనం గుర్తుపెట్టుకుంటారు. స్ట్రైకర్‌కు తప్పు చేయనక్కరలేదు, ఏమీ జరగకపోతే చాలు.

2007 జులైలో ఆసియా కప్‌కు వెళ్లినప్పుడే రాబోయేదాని నీడ కనిపించింది. బ్యాంకాక్‌లో ఆస్ట్రేలియా మీద బదర్ అల్-మైమానీ గోల్‌తో ఒమన్ ఆధిక్యంలో ఉంది. తొంభై నిమిషాలు దాటాక టిమ్ కేహిల్ గోల్ కొట్టి సమం చేశాడు. తర్వాత థాయిలాండ్ చేతిలో 0–2. చివర ఇరాక్‌తో 0–0. ఆ ఇరాకే రెండు వారాల్లో ఆసియా విజేత అయింది. విజేతను సైతం గోల్ కొట్టనివ్వని ఒమన్, మూడు మ్యాచుల్లో ఒకే ఒక్క గోల్‌తో ఇంటిదారి పట్టింది.

అందుకే 2009 జనవరి అంత గొప్పది. కోచ్ ఫ్రాన్స్‌కు చెందిన క్లోద్ లె రోయ్. గోల్ దగ్గర అలీ అల్-హబ్సీ, ఒకప్పుడు అగ్నిమాపక సిబ్బందిలో పనిచేసి, నార్వే మీదుగా ఇంగ్లండ్‌లో బోల్టన్ దాకా ఎదిగినవాడు. జనవరి 4న కువైట్‌తో తొలి మ్యాచ్ 0–0తో ముగిసినప్పుడు బౌషర్ నిట్టూర్చింది. మూడు రోజుల తర్వాత అదే ఆసియా విజేత ఇరాక్ ఎదురైంది. ఆ రోజు హసన్ రబీ అనే స్ట్రైకర్ హ్యాట్రిక్ కొట్టాడు. స్కోరు 4–0. బహ్రెయిన్ మీద 2–0. సెమీఫైనల్లో ఖతర్ మీద 1–0, ఆ గోల్ కూడా హసన్‌దే. దోహా ఫైనల్ బాకీ బౌషర్‌లో తీరింది. మొత్తం నాలుగు గోల్స్‌తో హసన్ అగ్ర స్కోరర్. టోర్నీ అంతటా ఆటలో ఒమన్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

ఎనిమిదేళ్లలో ముగ్గురు స్ట్రైకర్లు. హానీ, ఇమాద్, హసన్ ముగ్గురూ గల్ఫ్ కప్‌లో అగ్ర స్కోరర్లే. గోల్ కొట్టే కాళ్లకు కరువులేని దేశం గోల్ కోసమే పడిపోతుందని ఆ రోజు ఎవరైనా అని ఉంటే నవ్వేవాళ్లు.

పతనం మొదలవడానికి రెండు రోజులు కూడా గట్టిగా పట్టలేదు. జనవరి 19న మస్కట్‌లోనే ఇండొనేషియాతో ఆసియా కప్ అర్హత మ్యాచ్. నూట ఇరవై నిమిషాల ఫైనల్ ఆడిన కాళ్లు, నిద్రలేని ఊరు. స్కోరు 0–0. పండగ పూట వచ్చిన ఆ డ్రాను ఎవరూ పట్టించుకోలేదు. తొమ్మిది రోజులకు కువైట్ వెళ్లి 1–0తో గెలిచాక పట్టించుకోవలసిన అవసరమూ కనిపించలేదు.

అక్టోబరులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 0–1. నవంబరులో మస్కట్‌లో మళ్లీ ఆస్ట్రేలియా చేతిలో 1–2. రెండూ ఒక్క గోల్ తేడాలే. 2010 జనవరి 6న జకార్తాలో ఇండొనేషియాను 2–1తో ఓడించారు. చివరి నిమిషాల్లో ఓటమి భరించలేని స్థానిక అభిమాని ఒకడు మైదానంలోకి దూకి, బంతి లాక్కుని, హబ్సీ మీదికి తానే గోల్ కొట్టబోయాడు. హబ్సీ దాన్నీ ఆపాడు. ఒమన్‌కు గోల్ ఆపేవాడి లోటు ఎప్పుడూ రాలేదు.

మార్చి 3న మస్కట్‌కు కువైట్ వచ్చింది. గెలిస్తే ఆసియా కప్, గెలవకపోతే లేదు. లెక్క అంత సూటిగా ఉంది. కువైట్‌కు డ్రా చాలు. పద్నాలుగు నెలల కిందట గల్ఫ్ కప్ ప్రయాణం ఏ జట్టుతో ఏ స్కోరుతో మొదలైందో, ఆసియా కప్ ఆశ ఆ జట్టుతో ఆ స్కోరుతోనే ముగిసింది. 0–0. పట్టికలో ఆస్ట్రేలియాకు 11, కువైట్‌కు 9, ఒమన్‌కు 8 పాయింట్లు. పండగ పూట ఇండొనేషియా మీద ఒక్క గోల్ పడి ఉంటే ఒమన్‌కు 10 అయ్యేవి.

ఎందుకిలా జరిగింది? గెలిచిన పద్ధతిలోనే దాని జవాబు కొంత ఉంది. గోల్ ఇవ్వకుండా నిలబడి, దొరికిన ఒక్క అవకాశంతో పని పూర్తిచేయడం ఆ జట్టు బలం. రెండు వారాల టోర్నీలో, సొంత ప్రేక్షకుల మధ్య, రోజూ కలిసి తిని కలిసి పడుకునే జట్టుకు ఆ పద్ధతి సరిపోయింది. ఏడాది పొడుగునా సాగే అర్హత పోటీల్లో అలా కాదు. ఆటగాళ్లు ఖతర్, సౌదీ, కువైట్ క్లబ్‌ల నుంచి మ్యాచ్‌కు కొన్ని రోజుల ముందు వచ్చి కలుస్తారు. గోడ కట్టడం నేర్చిన డిఫెన్స్ వెంటనే కుదురుకుంటుంది. ముందు వరసలో ఒకరి పరుగు ఒకరికి తెలియాలంటే రోజులు కావాలి. పైగా, విజేత అయ్యాక ఎదుటివాడు తలుపులు మూసుకుని ఆడతాడు. మూసిన తలుపు తెరవడం ఒమన్ ఆటకు అలవాటు లేదు.

2010 నవంబరులో కిరీటం కాపాడుకోవడానికి యెమెన్‌లోని ఆడెన్ వెళ్లారు. బహ్రెయిన్‌తో 1–1. యూఏఈతో 0–0. ఇరాక్‌తో 0–0. ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత కప్పు వదులుకున్నాడు. ఇదే ఇరాక్ మీద అంతకు ముందరి ఏడాది జనవరిలో నాలుగు గోల్స్ పడ్డాయని తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇలాంటి తరాన్ని హైదరాబాద్ ఎరుగును. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం 1960 రోమ్‌లో హంగరీ మీద గోల్ కొట్టారు. భారత్ 1–2తో ఓడింది, అక్కడా తేడా ఒక్క గోలే. 1963లో రహీం కన్నుమూశారు. అదే ఏడాది అనారోగ్యం బలరాం చేత ఆట మాన్పించింది, ఆయనకు ముప్ఫై ఏళ్లయినా నిండకుండానే. ఆ తర్వాత భారత ఫుట్‌బాల్ ఆ ఎత్తు చూడలేదు. మన తరాన్ని చావు, జబ్బు కూల్చాయి. ఒమన్ తరానికి అలాంటి సాకు కూడా మిగలలేదు.

ఒమన్ తరానికి రెండో అవకాశం వచ్చింది. లె రోయ్ వెళ్లిపోయాక 2011లో మరో ఫ్రెంచ్ కోచ్ పాల్ లె గ్వెన్ వచ్చాడు. ఆ నవంబరు 11న బౌషర్‌లో ప్రపంచకప్ అర్హత మ్యాచ్, ఎదురుగా మళ్లీ ఆస్ట్రేలియా. మొదటి సగంలోనే ఇమాద్ అల్-హొస్నీ గోల్ కొట్టాడు. హబ్సీ ఆ ఒక్క గోల్‌ను చివరిదాకా కాపాడాడు. 1–0. ఇమాద్ అప్పుడు జెద్దాలో అల్-అహ్లీ ఆటగాడు, పరాయి జెర్సీల్లో నేర్చిన విద్య అంతా ఆ సాయంత్రం సొంత దేశానికి ఇచ్చేశాడు. ఆ గెలుపు అండతో ఒమన్ ఆసియా చివరి రౌండ్ చేరింది, ప్రపంచకప్ జరిగే బ్రెజిల్ కనుచూపు మేరలోకి వచ్చింది.

2012 నవంబరు ఆ తరానికి కలిసిరాలేదు. పదో తేదీన ఆసియా చాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఇమాద్ క్లబ్ అల్-అహ్లీ కొరియా జట్టు ఉల్సాన్ చేతిలో 0–3తో ఓడింది. నాలుగు రోజులకు బౌషర్‌కు జపాన్ వచ్చింది. 77వ నిమిషంలో అహ్మద్ ముబారక్ ఫ్రీకిక్‌తో స్కోరు 1–1. స్టేడియం లేచి నిలబడింది. ఆట ముగియబోతుండగా జపాన్ ఆటగాడు ఒకజాకి కాలికి తగిలిన బంతి వలలో పడింది. 1–2.

అయినా దారి మూసుకుపోలేదు. 2013 జూన్ 18న అమ్మాన్‌లో జోర్డాన్‌తో చివరి మ్యాచ్. ఒమన్‌కు 9 పాయింట్లు, జోర్డాన్‌కు 7. మూడో స్థానం దక్కితే ప్లేఆఫ్, దానికి డ్రా చాలు. నాలుగేళ్లుగా వద్దంటే వెంటపడిన 0–0 ఆ సాయంత్రం వస్తే నెత్తిన పెట్టుకునేవాళ్లు. రెండో సగంలో అహ్మద్ హాయెల్ గోల్ కొట్టాడు. జోర్డాన్ 1, ఒమన్ 0. బదులుగా ఒక్కటి కొట్టినా సరిపోయేది, అదీ పడలేదు. ప్లేఆఫ్‌లకు జోర్డాన్ వెళ్లింది.

తర్వాత ఒమన్ ఫుట్‌బాల్ ఆగిపోలేదు. 2018 జనవరి 5న కువైట్‌లో యూఏఈతో 0–0 ఆడి, పెనాల్టీల్లో రెండోసారి గల్ఫ్ కప్ గెలిచింది. 2019 నవంబరులో బౌషర్‌కే వెళ్లిన భారత్‌ను మొహ్సిన్ అల్-ఘస్సానీ ఒక్క గోల్‌తో ఓడించాడు. 2026 ప్రపంచకప్ కోసం 2025 అక్టోబరులో దోహాలో ఖతర్‌తో 0–0, మూడు రోజులకు యూఏఈ మీద ముందంజ వేసి కూడా 1–2. ప్రపంచకప్ ఇంకా అందలేదు. కొత్త తరానికి తన తప్పులు దిద్దుకునే వయసుంది. ఇమాద్, హసన్‌ల తరానికి ఆ గడువు దాటిపోయింది.

ఓడినవాడిని చరిత్ర జాలితోనైనా తలుచుకుంటుంది. డ్రా చేసుకుంటూ పడిపోయినవాడికి ఆ జాలి కూడా దక్కదు, ఎందుకంటే వాడు ఏ రోజు పడ్డాడో వేలు పెట్టి చూపలేం. ఈ కథలో మాత్రం చూపవచ్చు. అది అమ్మాన్‌లో ఓడిన రోజు కాదు, కువైట్ మీద గెలవలేకపోయిన రోజూ కాదు. కప్పు ఎత్తిన రెండు రోజులకు, ఇండొనేషియా మీద గోల్ పడనందుకు ఊరంతా బెంగపడకుండా నిద్రపోయిన రోజు.