విక్టోరియా కాలపు ప్రకటనలు: ఒక మందు, ఒక మాట, 100 పౌండ్లు

విక్టోరియా కాలపు బ్రిటన్ అనగానే మనం ఫ్యాక్టరీలు, రైళ్లు, వలసలు రాసి ఆపేస్తాం. ఆ సరుకును అమ్మిపెట్టిన ప్రకటనల గురించీ నాలుగు వాక్యాలు రాయగలగాలి.

ముందు కారణాలు చూడండి. ప్రకటనలపై పన్ను 1853లో, పత్రికల స్టాంపు సుంకం 1855లో, కాగితంపై సుంకం 1861లో రద్దయ్యాయి. పత్రికలు చౌకయ్యాయి, పాఠకులు పెరిగారు. పియర్స్ సబ్బు, బీచమ్ మాత్రల పేర్లు ఇంటింటికీ చేరాయి.

1889-90లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి విరుచుకుపడింది. భయం మందుల వ్యాపారానికి కలిసొచ్చింది. తమ స్మోక్ బాల్‌ను చెప్పినట్టు వాడాక కూడా జబ్బు వస్తే 100 పౌండ్లు ఇస్తామని, అందుకు బ్యాంకులో 1,000 పౌండ్లు జమ చేశామని కార్బోలిక్ స్మోక్ బాల్ కంపెనీ 1891లో ప్రకటించింది. లూయిసా కార్లిల్ అలాగే వాడారు. అయినా 1892 జనవరిలో ఆమెకు జబ్బు చేసింది. అది ఉత్త ప్రచారం మాటేనని కంపెనీ వాదించింది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. బ్యాంకులో జమ చేయడమే ఆ మాట ఉత్తిది కాదనడానికి రుజువని, షరతు నెరవేర్చడమే అంగీకారమని తేల్చింది.

దీన్ని 1872 భారత కాంట్రాక్టు చట్టం 8వ సెక్షన్‌తో కలిపి చదవండి.

ఒక్క విషయం మరవకండి. ఆ తీర్పు ఆమెకు డబ్బు ఇప్పించింది, అలాంటి ప్రకటనలను ఆపలేదు. మన 1954 డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం కొన్ని జబ్బులు నయం చేస్తామనే ప్రకటనలనే నిషేధించింది. జబ్బుపడ్డాక పరిహారమా, ముందే రక్షణా? మీ జవాబును ఈ తేడాతో ముగించండి.