ఒకే ఒరలో రెండు కత్తులు

2007 ఆగస్టు 4. హంగరీలోని హంగరోరింగ్ ట్రాక్. ఫార్ములా వన్ క్వాలిఫయింగ్ ఆఖరి నిమిషాలు.

మెక్‌లారెన్ పిట్ బాక్సులో ఫెర్నాండో అలోన్సో కారు ఆగి ఉంది. కొత్త టైర్లు బిగించేశారు. ఎదురుగా నిలబడ్డ మెకానిక్ చేతిలోని బోర్డు పైకి లేపాడు. వెళ్లమని దాని అర్థం. అలోన్సో కదల్లేదు.

సరిగ్గా అతని వెనకే అదే జట్టు రెండో కారు. అందులో లూయిస్ హామిల్టన్. అతనికీ టైర్లు మార్చాలి, అతనూ ఆఖరి ల్యాప్ వెయ్యాలి. గడియారం ఆగదు. దాదాపు పది సెకన్ల తర్వాత అలోన్సో బయల్దేరాడు. గడువు ముగిసేలోపు గీత దాటి, అందరికన్నా వేగంగా తిరిగొచ్చి పోల్ పొజిషన్ కొట్టేశాడు. హామిల్టన్ టైర్లు మార్చుకుని ట్రాక్ మీదికి వచ్చేసరికి సమయం మించిపోయింది.

జట్టు అధిపతి రాన్ డెన్నిస్ హెడ్‌ఫోన్లు తీసి విసిరేశారు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది.

అలోన్సోకు అంత కోపమెందుకు? ఆ రోజుల్లో ఆఖరి క్వాలిఫయింగ్‌లో కార్లు ముందుగా కొన్ని ల్యాప్‌లు తిరిగి ఇంధనం కరిగించుకునేవి. ఒక ల్యాప్ ఎక్కువ తిరిగే అవకాశం మెక్‌లారెన్‌లో ఒకసారి ఒకరికి, మరోసారి ఇంకొకరికి. ఆ రోజు వంతు అలోన్సోది. దారి ఇవ్వమని జట్టు చెప్పినా హామిల్టన్ ఇవ్వలేదు. దానికి బదులు పిట్ బాక్సులో తీరింది. అధికారులు అలోన్సోను పోల్ నుంచి ఆరో స్థానానికి దించారు. ఆ రేసులో జట్టుకు వచ్చే పాయింట్లు లెక్కలోకి రావన్నారు. మర్నాడు హామిల్టన్ గెలిచాడు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టినప్పుడే డెన్నిస్ ఇలాంటి రోజును ఊహించి ఉండాల్సింది. అలోన్సో 2005, 2006 ప్రపంచ చాంపియన్. రెనోలో రెండు టైటిళ్లు గెలిచి, జట్టుకు తనే పెద్దదిక్కు అనుకుంటూ మెక్‌లారెన్‌కు వచ్చాడు. హామిల్టన్ 22 ఏళ్ల కొత్త కుర్రాడు. కానీ ఆ ఇంటి బిడ్డ. పదేళ్ల వయసులో ఓ అవార్డుల సభలో డెన్నిస్ దగ్గరికి వెళ్లి, ఏదో ఒకరోజు మీ కార్లు నడుపుతానని చెప్పిన పిల్లవాడు. 13 ఏళ్లకే మెక్‌లారెన్ అతనితో ఒప్పందం రాసుకుంది. మొదటి రేసులోనే మూడో స్థానం. జూన్‌లో కెనడాలో మొదటి గెలుపు, వారం తిరిగేసరికి అమెరికాలో రెండోది. పాయింట్ల పట్టికలో పైన ఉన్నది చాంపియన్ కాదు, అతని పక్కనున్న కుర్రాడు.

ఇద్దరికీ సమాన అవకాశం అన్నది డెన్నిస్ సిద్ధాంతం. న్యాయమైన మాటే, నేనూ కాదనను. కానీ అలోన్సోకు అది మాట తప్పినట్టు వినిపించింది. మొనాకోలో రెండో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చిన హామిల్టన్‌కూ అదే అనుమానం. సమానమని చెప్పిన జట్టులో ఇద్దరూ తమకే అన్యాయం జరుగుతోందని నమ్మారు.

హంగరీ రేసు రోజు ఉదయం అసలు పిడుగు పడింది. అంతకుముందే ప్రత్యర్థి జట్టు ఫెరారీ ఉద్యోగి నైజెల్ స్టెప్నీ నుంచి మెక్‌లారెన్ చీఫ్ డిజైనర్ మైక్ కఫ్లన్‌కు 780 పేజీల రహస్య పత్రాలు చేరాయి. వాటిని కాపీ తీయించిన దుకాణం నుంచి ఫెరారీకి కబురు వెళ్లింది. జూలైలో విచారణ జరిగినా శిక్ష పడలేదు. ఇప్పుడు, డెన్నిస్ తర్వాత విచారణలో చెప్పిన ప్రకారం, ఆ పత్రాల గురించి తన దగ్గరున్న ఈమెయిళ్ల సంగతి ఫార్ములా వన్ నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏకు చెబుతానని అలోన్సో ఆయన ముందే అన్నాడు. డెన్నిస్ తనే ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీకి ఫోన్ చేశారు.

సెప్టెంబరు 13న పారిస్‌లో తీర్పు వచ్చింది. 10 కోట్ల డాలర్ల జరిమానా. జట్టు పాయింట్లన్నీ రద్దు. విచారణకు సహకరించినందుకు డ్రైవర్ల పాయింట్ల జోలికి మాత్రం పోలేదు. అంటే ఒకరి మొహం ఒకరు చూడలేని ఇద్దరు ఒకే గరాజ్ నుంచి ఒకే టైటిల్ కోసం ఇంకా పోటీలోనే ఉన్నారు.

ఇక పుకార్లకు కొదవేముంది? అలోన్సో పాత గూటికి, రెనోకు వెళ్తాడన్నారు. కాదు, ఫెరారీకన్నారు. రెడ్‌బుల్ అన్నారు, టొయోటా అన్నారు. అక్టోబరులో ఫెరారీ తన డ్రైవర్ ఫెలిపె మాసాతో ఒప్పందాన్ని 2010 దాకా పొడిగించడంతో ఒక తలుపు మూసుకుంది. జట్టు వదిలిపోతాడని లోకమంతా అంటున్నవాడి కారును అదే జట్టు మెకానిక్‌లు ప్రతి రేసుకూ సిద్ధం చెయ్యాలి. వాళ్ల పరిస్థితి తలచుకుంటే నాకిప్పటికీ బాధేస్తుంది.

ఈ గొడవంతా జరుగుతుంటే ఫెరారీలో కిమి రైకొనెన్ తన పని తను చేసుకుపోతున్నాడు. వర్షంలో జరిగిన జపాన్ రేసు తర్వాత లెక్క: హామిల్టన్ 107, అలోన్సో 95, రైకొనెన్ 90. మిగిలినవి రెండే రేసులు. గెలుపుకు పది పాయింట్లు. రైకొనెన్‌ను ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

అక్టోబరు 7, షాంఘై. ట్రాక్ తడిగా ఉంది, ఆరుతోంది, మళ్లీ చినుకులు. హామిల్టన్ ముందున్నాడు. తడికి వేసిన టైర్లు ఆరిన రోడ్డు మీద అరిగిపోతున్నాయి. వెనక టైరు రబ్బరు పోయి లోపలి పొర తేలడం టీవీ చూస్తున్నవాళ్లకే కనబడుతోంది. లోపలికి రమ్మని పిలవాల్సింది జట్టు. వాన వస్తుందేమో, ఇంకో ల్యాప్ ఆగుదాం అనుకున్నారు. ఆ మాటే ఇంకో ల్యాప్, ఇంకో ల్యాప్. రైకొనెన్ దాటేశాడు. చివరికి పిలిచారు. పిట్‌లోకి తిరిగే ఎడమ మలుపులో ఆ బోడి టైర్లు పట్టు తప్పాయి. కారు నేరుగా కంకరలోకి వెళ్లి కూరుకుపోయింది. తొయ్యమని సిబ్బందికి సైగ చేశాడు. తోసినా కదల్లేదు. అతని ఫార్ములా వన్ జీవితంలో మధ్యలో ఆగిపోయిన మొదటి రేసు అదే.

తాము పోటీ పడింది రైకొనెన్‌తో కాదు, అలోన్సోతో అని డెన్నిస్ ఆ రోజు ఒప్పుకున్నారు. టైటిల్ పోయింది ఇక్కడే, సొంత డ్రైవర్ మీద కన్నేసి ఫెరారీని వదిలేసిన ఈ మధ్యాహ్నమే అని నా నమ్మకం.

అక్టోబరు 21, ఆదివారం. మన దగ్గర విజయదశమి రాత్రి. బ్రెజిల్‌లోని ఇంటర్‌లాగోస్‌లో మధ్యాహ్నం. హామిల్టన్ 107, అలోన్సో 103, రైకొనెన్ 100. ఎవరేం చేసినా హామిల్టన్‌కు రెండో స్థానం చాలు.

మొదటి ల్యాప్‌లోనే రైకొనెన్, అలోన్సో అతన్ని దాటారు. అలోన్సోను మళ్లీ పట్టుకోబోయి రోడ్డు దాటి పక్కకు పోయాడు. ఎనిమిదో స్థానం. అయినా పరవాలేదు, ఇంకా బోలెడు దూరముంది. కొద్దిసేపటికే గేర్‌బాక్స్ మొరాయించింది. కారు వేగం చచ్చిపోయింది. ఒక్కొక్కరే దాటిపోతున్నారు. అర నిమిషానికి పైగా పోయాక గేర్లు మళ్లీ పడ్డాయి. అప్పటికి 18వ స్థానం.

ముందు వేరే కథ నడుస్తోంది. ఫెలిపె మాసా పుట్టిన ఊరు సావో పౌలో. సొంత జనం ముందు రేసులో ముందున్నాడు. అతనికి టైటిల్ ఆశ లేదు, పక్కవాడికి ఉంది. రెండో పిట్ స్టాప్ తర్వాత ముందుకొచ్చింది రైకొనెన్. మాసా రెండో స్థానంలో ఉండిపోయాడు. సొంతగడ్డ మీద గెలుపు వదులుకోవడం చిన్న త్యాగం కాదు. మెక్‌లారెన్‌లో ఏడాది పొడవునా ఎవరూ ఎవరికోసమూ చెయ్యని పని అది.

హామిల్టన్ ఏడో స్థానం దాకా ఎగబాకాడు. చాలలేదు. రైకొనెన్ 110, హామిల్టన్ 109, అలోన్సో 109.

ఆ రాత్రి ఇంకో మలుపు. ముందున్న విలియమ్స్, బీఎండబ్ల్యూ కార్లలో ఇంధనం ఉండాల్సినదానికన్నా చల్లగా ఉందని విచారణ. వాళ్లను తొలగిస్తే హామిల్టనే చాంపియన్. గంటల తరబడి ఉత్కంఠ. శిక్ష లేదన్నారు. నవంబరులో మెక్‌లారెన్ అప్పీలూ కొట్టేశారు.

పుకారు నిజమైంది. నవంబరు 2న అలోన్సో, మెక్‌లారెన్ విడిపోయారు. డిసెంబరులో అతను రెనోలో చేరాడు. రెనోలో ఉన్న కొవలైనెన్ మెక్‌లారెన్‌కు వచ్చాడు. మరుసటి ఏడాది అదే ఇంటర్‌లాగోస్‌లో, అదే ఒక్క పాయింటుతో, హామిల్టన్ టైటిల్ గెలిచాడు. ఓడింది మాసా. అలోన్సోకు మూడో టైటిల్ రానేలేదు. ఆ తర్వాత ఫెరారీలో అతనూ ఐదేళ్లు నడిపాడు, 2025లో హామిల్టనూ ఆ జట్టులోనే చేరాడు. అయినా ఫెరారీకి డ్రైవర్ల టైటిల్ తెచ్చిన చివరివాడు 2007 నాటి రైకొనెనే.